నలభై ఒకటో నంబరు దీపం

మా ముత్తాత గనిలో నీళ్ళపాలై చనిపోయిన ఆరేళ్ళకు ఆయనకు కూతురు పుట్టింది.

ఇది గిట్టనివాళ్ళు పుట్టించిన మాట కాదు. నా ఉమ్మి చెప్పింది. నాన్న డెబ్బై రెండో పుట్టినరోజుకు చెల్లి డీఎన్‌ఏ పరీక్ష డబ్బాలు రెండు పట్టుకొచ్చింది. చిన్న సీసాలో ఉమ్మి, మూత బిగించి, ప్రయోగశాలకు పంపితే, ఎక్కడెక్కడి చుట్టాలూ కంప్యూటరు తెర మీద వరసలు కలుపుకుంటూ దిగిపోతారట.

"ఉన్న చుట్టాలతోనే వేగలేక చస్తున్నా. నా ఉమ్మి నేను మింగుకుంటాను, పొండి," అన్నాడు నాన్న.

చెల్లి నవ్వింది. నేను నా సీసా నింపాను. నాన్న నా వంక చూసి, "నీకెందుకే ఇవన్నీ?" అన్నాడు. కాసేపాగి మళ్ళీ అదే మాట. పడుకోబోయే ముందు ఇంకోసారి. ఒకసారి అన్న మాటను రెండోసారి అనే అలవాటు మా నాన్నకు లేదు. నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది.

ఆరు వారాలకు ఫలితం వచ్చింది. ఎక్కడో దూరాన ఓడరేవు ఊళ్ళో ఉండే ఒకావిడ, ఈత నేర్పే టీచరుగా పనిచేసి రిటైరైందట, మాకు దగ్గరి రక్తసంబంధమని తేలింది. ఆవిడ వాళ్ళమ్మ పుట్టుక కాగితం, వాళ్ళ తాత ఫొటో పంపింది. ఫొటోలో ముసలాయన కుడిచెవి పైభాగం లేదు. చిన్నప్పుడు కుక్క కొరికేసిన చెవి. అదే చెవి, అదే ముఖం, కుర్రతనంలో, మా ముందుగది గోడ మీది ముత్తాత ఫొటోలోంచి నలభై ఏళ్ళుగా నన్ను చూస్తూనే ఉంది.

"అంటే ఆవిడ మన నాన్నకు మేనత్త కూతురు. మరదలు వరస," అంది చెల్లి. "డెబ్బై రెండేళ్ళకు మరదలు దొరకడం ఎంతమందికి రాసిపెట్టి ఉంటుందే అక్కా!"

నాకు నవ్వు రాలేదు. పుట్టుక కాగితం మీది సంవత్సరాన్నే చూస్తున్నాను.

పంపు తాత కథ మా ఇంట్లో పాలతో పట్టేవాళ్ళు. తొంభై మూడేళ్ళ కిందట గనిలోకి నీళ్ళు విరుచుకుపడ్డాయి. అడుగున పంపు నడిపే మనిషి మా ముత్తాత. "మీరు పైకి పొండిరా, పంపు సంగతి నేను చూసుకుంటా" అని అందరినీ తరిమి, తాను మాత్రం పంపు వదల్లేదట. ఆ అడుగున ఉన్నవాళ్ళలో ఒక్కడూ బతకలేదు. మరి ఆ మాట విని మనకు చెప్పిందెవరని మా ఇంట్లో ఎవరూ ఏనాడూ అడగలేదు. పదకొండు శవాలు దొరికాయి. మా ముత్తాతది దొరకలేదు.

ఆయన చనిపోయాడనడానికి రుజువు ఒక ఇత్తడి బిళ్ళ. గనిలోకి దిగేవాడు దీపాల గదిలో తన నంబరు బిళ్ళ ఇచ్చి, అదే నంబరు దీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. పలక మీద బిళ్ళ వేలాడుతుంటే మనిషి లోపల ఉన్నట్టు. ఆ రోజు చివరికి పన్నెండు బిళ్ళలు మిగిలాయి. పన్నెండోది నలభై ఒకటి. గని వాళ్ళు దాన్ని మా ముత్తవ్వ చేతిలో పెట్టారు. ఇప్పటికీ ఫొటో కింద అద్దం బిగించి ఉంది.

ఆ బిళ్ళ చూపించి మేం బతికాం. బడిలో ముందు బెంచీ, సభల్లో ముందు కుర్చీ. "పంపు తాత వాళ్ళు" అంటే ఊళ్ళో ఏ గుమ్మమైనా నవ్వుతూ తెరుచుకునేది.

ఈ కథకు ఇంకో సగం ఉంది. పంపు దగ్గర మనిషి ఉన్నాడు కదా, మరి పంపు ఎందుకు ఆగింది? ముందురోజు దాన్ని బాగుచేసిన ఫిట్టరు బోల్టు సరిగా బిగించలేదు కాబట్టి. విచారణలో తేల్చింది ఇదే, గని దగ్గర స్మారక శిల మీద చెక్కిందీ ఇదే. ఫిట్టరును పనిలోంచి తీసేశారు. ఆ తర్వాత ఊళ్ళో ఎవరూ బాగుచేయమని ఆయన చేతికి సైకిలు కూడా ఇవ్వలేదు. ఆ ఇంటికి "వదులు బోల్టోళ్ళు" అని పేరు పడిపోయింది. నా తరగతిలో ఆయన మునిమనవరాలు ఒకతి ఉండేది. ఆమె బల్ల కదిలితే చాలు, "బోల్టు బిగించిందెవరే?" అని మొదట అరిచింది నేను. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. వయసు చెప్పుకుంటే తగ్గే సిగ్గు కాదిది.

ఓడరేవు పిన్నికి ఫోన్ చేశాను. నాన్నకు మరదలైతే నాకు పిన్నే కదా.

"మా తాత నాకు బాగా గుర్తమ్మా," అంది. "రేవులో పంపు పనే చేసేవాడు. మంచోడు, కానీ నవ్వగా చూళ్ళేదు. ఎక్కడైనా కుళాయి చుక్కలు కారుతుంటే కంచం ముందు నుంచి లేచెళ్ళి కట్టేసొచ్చేవాడు. నన్ను ఈతకు పంపమని పట్టుబట్టింది కూడా ఆయనే."

"ఆయన సొంతవాళ్ళ గురించి ఏమైనా చెప్పేవాడా పిన్నీ?"

"అడిగితే ఒకటే మాట. 'మావాళ్ళంతా నీళ్ళలో పోయారు' అనేవాడు."

ఫోన్ పెట్టేశాను. ఆయన ముంచేసిన ఆ 'మావాళ్ళు' మేమే.

సరే, తప్పించుకున్నాడు. ఎలా? నీళ్ళు పడ్డాక ఈది బయటపడ్డాడా? అలాగైతే అదొక అద్భుతం, ఆయన తప్పేం లేదు. నీళ్ళు పడక ముందే పైకొచ్చేశాడా? అలాగైతే పంపు దగ్గర మనిషే లేడు. మనిషి లేని పంపు ఆగితే ఫిట్టరు నెత్తిన రుద్దడానికి వీల్లేదు.

తేల్చగలిగింది ఒకే ఒక్క పుస్తకం. గని దీపాల రిజిస్టరు. ఏ దీపం ఎన్నింటికి ఇచ్చారో, ఎన్నింటికి తిరిగొచ్చిందో అందులో రాసేవాళ్ళు. ఆనాటి విచారణాధికారి పలక మీది బిళ్ళలు చూసి సరిపెట్టుకున్నాడు గాని ఆ పుస్తకం తెరవలేదు. గని మూతపడ్డాక దాని కాగితాలన్నీ మా ఆఫీసు రికార్డు గదికి వచ్చాయి. అక్కడ పాత కాగితాలకు నకళ్ళు ఇచ్చే గుమాస్తాను నేనే. నాకు ముందు అదే గదిలో ముప్పై నాలుగేళ్ళు బైండరుగా పనిచేసి రిటైరైంది మా నాన్న.

సమయం తక్కువ. స్మారక శిల పగుళ్ళిచ్చిందని కొత్తది చెక్కిస్తున్నారు. రాతిపనివాడు సోమవారం ఉలి పట్టుకుంటాడు. పాత అక్షరాలే మళ్ళీ చెక్కుతాడు, ఫిట్టరు బోల్టుతో సహా. ముసుగు తీయాల్సిన ముఖ్య అతిథి మా నాన్న.

శనివారం పొద్దున ఆఫీసు తెరవగానే రిజిస్టరు దించాను. నూటపన్నెండో పుట తర్వాత నూటపదిహేనో పుట. మధ్యలో ఆకు లేదు. ప్రమాదం జరిగిన రోజు ఆ ఆకులోనే ఉండాలి.

పుస్తకాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను. చింపిన ఆకు కాదు. కుట్టుకు ఆనుకుని నిటారుగా కోశారు. కోసి వదిలేయలేదు. పుస్తకంలో ప్రతి ఆకుకూ కుట్టుకు అవతల ఒక జత ఆకు ఉంటుంది. ఒకటి తీస్తే రెండోది పట్టు తప్పి కొన్నాళ్ళకు రాలిపోతుంది. ఇక్కడ జత ఆకు రాలకుండా లోపల సన్నటి గుడ్డ పట్టీ అంటించారు. అంచుల్లో జిగురు లేత నీలంగా మెరుస్తోంది.

దొంగతనం చేసేవాడు ఆకు చింపుకుని పారిపోతాడు. పుస్తకానికి వైద్యం చేసి పోయే దొంగ ఎక్కడైనా ఉంటాడా?

ఆ నీలం రంగు నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. మైదా జిగురు ఉడికేటప్పుడు, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసేవాడు నాన్న. మా వంటింట్లో ఆ గిన్నెకు వేరే గూడు ఉండేది.

బైండింగు పనుల పుస్తకం తీశాను. ముప్పై ఒక్కేళ్ళ కిందట ఒక మంగళవారం: "దీపాల రిజిస్టరు, కుట్టు వదులు, బాగుచేయడమైనది." కింద నాన్న సంతకం. అంతకు నాలుగు రోజుల ముందు, ఆ రిజిస్టరు నకలు కోసం ఒక అర్జీ. పెట్టింది ఫిట్టరు మనవరాలు. ఊళ్ళో అందరూ టైలరమ్మ అని పిలిచే మనిషి. 'మా తాత చనిపోయే ముందు కూడా దీపాల లెక్క చూడమనే చెప్పాడు' అని ఆ అర్జీలో రాసుకుంది. జవాబు: "పుట లేదు."

ఆవిడ ఆగలేదు. మొత్తం తొమ్మిది అర్జీలు. తొమ్మిదింటికీ అదే జవాబు. తొమ్మిదోది నాలుగు నెలల కిందటిది. దాని కింద ఉన్న సంతకం నాది. రిజిస్టరు తెరవను కూడా లేదు నేను. పాత జవాబు చూసి కొత్త జవాబు రాసి ముద్ర కొట్టాను. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి కౌంటరు పట్టుకుని, "ఇంకోసారి చూడమ్మా అమ్మాయ్," అంటే, "ఎన్నిసార్లు చూసినా లేని పుట మొలకెత్తదు కదండీ," అన్నాను. పక్క బల్ల వాళ్ళు నవ్వారు. వాళ్ళను నవ్వించానని నాకు ముచ్చటేసింది.

ఒక మాట దాచకూడదు. రిజిస్టరు తిరిగి గూట్లో పెట్టేసి తలుపు వేసేస్తే సరిపోతుంది కదా అనిపించింది నాకు. పెట్టేశాను కూడా. తాళం వేసి మెట్ల దాకా నడిచాను. వెనక్కి వచ్చి మళ్ళీ దించాను.

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళేసరికి నాన్న పెరటి మెట్టు మీద కూర్చుని చెల్లి పాత నిఘంటువుకు వీపు అంటిస్తున్నాడు. పక్కన జిగురు గిన్నె.

"దీపాల రిజిస్టరు చూశాను నాన్నా."

బ్రష్షు ఆగింది. మళ్ళీ కదిలింది. "ఏ దీపాలు?"

"నూటపదమూడో పుట లేదు."

"పాత పుస్తకం. ఎలుకలు కొట్టేసుంటాయి."

"ఎలుకలు స్కేలు పెట్టి కోస్తాయా?"

నాన్న నిఘంటువు వీపును బొటనవేలితో నొక్కాడు.

"కోసి, జత ఆకు ఊడిపోకుండా పట్టీ వేస్తాయా? జిగురులో మైలుతుత్తం కలుపుతాయా?"

ఆయన బ్రష్షును గిన్నె అంచుకు ఆనించాడు. వేళ్ళకు అంటిన జిగురును ఒక్కో వేలి నుంచీ పొరలు పొరలుగా ఒలుచుకుంటూ కూర్చున్నాడు. చివరికి, "పట్టీ వెయ్యకపోతే ఆ జత ఆకు ఏడాదిలో రాలిపోయేదే," అన్నాడు. "దాంట్లో డెబ్బై మంది పేర్లున్నాయి."

నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. "ఆ డెబ్బై పేర్ల మీద ఉన్న జాలి ఫిట్టరు ఒక్కడి పేరు మీద లేకపోయిందా?"

"అరవకే. పక్కింట్లో వింటారు."

"వినాల్సింది పక్కింటివాళ్ళు కాదు నాన్నా. నాకు చెప్పినా లాభం లేదు. నేనూ ఆవిడకు అదే అబద్ధం ముద్ర కొట్టి ఇచ్చాను. నీ కూతుర్ని అనిపించుకున్నాను."

ఆ మాట ఆయనకు తగిలింది. లేచాడు. ముందుగదిలోకి వెళ్ళి కుర్చీ ఎక్కాడు. పడతాడేమోనని నేను వెనకే వెళ్ళాను. పంపు తాత ఫొటో దించి, బోర్లించి, వెనక అట్ట చుట్టూ ఉన్న చిన్న మేకులను గోటితో లేవదీశాడు. అట్టకూ ఫొటోకూ మధ్య, పల్చటి కాగితంలో చుట్టి, మడత పడకుండా, ఆ ఆకు ఉంది.

అంటే నేను ఇన్నాళ్ళూ ఆ ఫొటో అద్దాన్ని ప్రతి ఆదివారం తుడుస్తూ వచ్చాను.

"టైలరమ్మ కొట్టు ఎన్నింటిదాకా తీసుంటుంది?" అని అడిగాడు నాన్న.

వాళ్ళ కొట్టు రెండు వీధుల అవతల. రెండు వీధులే గాని, మా ఇంటి బట్ట ఒక్కటి కూడా ఏనాడూ అక్కడ కుట్టించలేదు. లోపల రెండు మిషన్లు, గోడకు వేలాడే సగం కుట్టిన చొక్కాలు, నేల మీద పీలికలు. టైలరమ్మ సూదిలో దారం ఎక్కిస్తోంది. ఆవిడ కూతురు, నా తరగతిది, కాలరుకు ఇస్త్రీ చేస్తోంది. నన్ను చూసి ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. కళ్ళు దించుకోవాల్సింది నేనే, దించుకున్నాను.

"ఏంటి, ఈసారి పుట లేదని చెప్పడానికి ఇద్దరొచ్చారా?" అంది టైలరమ్మ, దారం వంకే చూస్తూ. "ఒక ముద్ర సరిపోయేదే. ఇంత ఎండలో ముఖ్య అతిథిగారు రావాలా?"

"అక్కా, కూర్చోవచ్చా?" అన్నాడు నాన్న.

"మా కుర్చీలు కదుల్తాయి బాబూ. బోల్టులు వదులు."

నాన్న కూర్చోలేదు. చేతిలో ఆకును బట్టలు కత్తిరించే బల్ల మీద పరిచి, చుట్టిన కాగితం విప్పాడు. టైలరమ్మ కళ్ళద్దాలు మార్చుకుంది. వేలు పెట్టి గళ్ళ వెంట కిందికి వచ్చింది. నలభై ఒకటి దగ్గర వేలు ఆగింది. ఇచ్చిన వేళ ఆరు. తిరిగి వచ్చిన వేళ పదీ ఇరవై. గనిలోకి నీళ్ళు పడింది పదీ యాభై ఐదుకు. ఆ వేళ ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేదు. స్మారక శిల మీద ఉంది.

ఆవిడ కూతురు వచ్చి తల్లి భుజం మీద చెయ్యి వేసింది. మిషన్లు రెండూ ఆగి ఉన్నాయి. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

"ఇదెక్కడ దొరికింది?" అంది టైలరమ్మ.

నాన్న రెండు చేతులూ బల్ల అంచు మీద పెట్టాడు.

"దొరకలేదక్కా. నా దగ్గరే ఉంది, ముప్పై ఒక్కేళ్ళుగా. మీరు మొదటిసారి అర్జీ పెట్టినప్పుడు, నకలు తీసే ముందు కుట్టు చూడమని పుస్తకం నాకిచ్చారు. కుట్టు చూశాను. ఆ పుటా చూశాను. మా తాత దీపం పది ఇరవైకే తిరిగొచ్చేసింది. పంపు దగ్గర మనిషి లేడు. ఎందుకు పైకొచ్చాడో నాకు తెలీదు. పొగ తాగడానికో, కాఫీకో. దీపం ఇచ్చి బిళ్ళ తీసుకోలేదంటే మళ్ళీ దిగుదామనే అనుకుని ఉంటాడు. ఈలోగా నీళ్ళు పడ్డాయి. భయపడి పారిపోయాడు. మీ తాత బోల్టు బిగించాడో లేదో దేవుడికెరుక, కానీ అది చూసుకోవాల్సినవాడు అక్కడ లేడు. ఆ మాట మీ తాతకు తెలుసు. చెప్పాడు. ఎవరూ వినలేదు. విన్నవాణ్ణి నేనొక్కణ్ణే, నేను నోరు మూసుకున్నాను.

"నాకప్పుడు నలభై ఒకటి. మా నాన్న ఇంకా బతికే ఉన్నాడు. నాలుగేళ్ళ పిల్లాడప్పుడు తండ్రిని పోగొట్టుకున్నవాడు, ఆ బిళ్ళ పట్టుకుని పెరిగినవాడు. ఆయన కోసం చేశానని నాకు నేను చెప్పుకున్నాను. మరుసటేడు ఆయన పోయాడు. అప్పుడైనా పుట తిరిగి అంటించొచ్చు. అరగంట పని. అంటించలేదు. అంటే ఆయన కోసం కాదు, నా ముందు కుర్చీ కోసం. మీ రెండో అర్జీకీ, మూడో అర్జీకీ లేదనే రాయించాను. మా అమ్మాయి ఆ కౌంటర్లో చేరాక నేను రాయించే పని కూడా తప్పింది, తనే రాసింది. దానికేం తెలీదు. మీ పాప బడి నుంచి ఏడ్చుకుంటూ పోతుంటే మా గుమ్మంలోంచి చూశాను ఒకరోజు. లోపలికెళ్ళి జిగురు కలుపుకున్నాను.

"కాల్చేద్దామని ఒకసారి పొయ్యి దాకా తీసుకెళ్ళాను. చెయ్యి రాలేదు. అది మంచితనం అనుకోకండి, బైండరు అలవాటు. రాతిపనివాడి దగ్గరికి నేనే వెళ్తాను. ఆఫీసులో నేనే రాసిస్తాను. మీరు నన్ను ఏమన్నా పడతాను, అనకపోయినా పడతాను. ఎవరైనా అడిగితే మాత్రం పుట పోయిందనో, ఎలుకలనో చెప్పకండక్కా. నేనే కోశాను. ఎడమచేత్తో ఆకు నొక్కిపట్టుకుని, స్కేలు పెట్టి, కొత్త బ్లేడుతో, ఒక్క గీతలో."